మీకా తండ్రికి బల్ల దగ్గర చోటు

జనవరి 26 దగ్గర పడితే బడుల్లో ఆటల పోటీల సందడి మొదలవుతుంది. పరుగు పందెం, కబడ్డీ, ఖోఖో, చిన్నవాళ్లకు చెంచాలో నిమ్మకాయ. 'రేపు మీ అమ్మానాన్నల్ని తీసుకురండి' అని టీచర్లు చెప్పి పంపుతారు. ఆ మాటకు కొన్ని ఇళ్లలో ఒక తండ్రి మౌనం వహిస్తాడు. చిన్నతనంలో సోకిన పోలియో వల్ల ఆయన ఊతకర్రల మీద నడుస్తాడు. గేటు నుంచి మైదానం దాకా ఇసుక, ఎండ. కూర్చోవడానికి కుర్చీ ఉంటుందో లేదో తెలియదు. వీటన్నిటికంటే బరువైనది ఆయన మనసులోని భయం: 'నన్ను చూసి తోటి పిల్లలు మా వాడిని ఎగతాళి చేస్తారేమో!' అందుకే 'అమ్మ వస్తుందిలే నాన్నా' అంటాడు.

సంఘాల్లో పరిచర్య చేసే మేము ఇలాంటి తల్లిదండ్రులను చూస్తూనే ఉంటాం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. సహజ పోలియో వైరస్ చివరి కేసు ఇక్కడ నమోదైంది కూడా 2011లోనే. అంతకుముందు దశాబ్దాల్లో ఆ వ్యాధికి గురైన పసివాళ్లే ఎందరో ఈనాడు అమ్మలు, నాన్నలు.

పరిశుద్ధ గ్రంథంలో అలాంటి తండ్రి ఒకరున్నారు. ఆయన మెఫీబోషెతు. అయిదేళ్ల వయసులో దాది ఎత్తుకుని పారిపోతుండగా పడి, రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు (2 సమూ. 4:4). ఎక్కడో లోదెబారులో పరుల ఇంట ఉన్నాడు. రాజు ఎదుట తనను తాను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు. లోకం చిన్నచూపు చూసీ చూసీ, చివరికి మనిషి తనను తానే చిన్నచూపు చూసుకుంటాడు. ఆయనకు మీకా అనే చిన్న కొడుకున్నాడని కూడా లేఖనం చెబుతోంది (2 సమూ. 9:12). మనం ఈ మాటను గమనించకుండా దాటిపోతుంటాం.

దావీదు ఏం చేశాడు? 'రాగలిగితే రమ్మనండి' అనలేదు. మనుషులను పంపి రప్పించాడు. యోనాతానుతో చేసిన నిబంధనను బట్టి తన బల్ల దగ్గరే నిత్యం భోజనం చేయమన్నాడు. హెబ్రీ మూలంలో ఈ కృపకు వాడిన మాట 'హెసెద్'. అది జాలి కాదు, నిబంధనకు కట్టుబడిన ప్రేమ. ఆ అధ్యాయం ముగిసేనాటికి కూడా మెఫీబోషెతు కాళ్లు బాగుపడలేదు. అయినా ఆయన స్థానం మారింది. పసి మీకా తండ్రిని ఇక దాక్కున్నవాడిగా కాక, రాజు బల్ల దగ్గర కూర్చునేవాడిగా చూస్తూ పెరిగాడు.

క్రీస్తును బట్టి ప్రభువు బల్ల దగ్గర చోటు పొందిన మనం కూడా ఇలాగే చేయాలి కదా! వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. బడులూ బహిరంగ స్థలాలూ వారికి అందుబాటులో ఉండాలని అది చెబుతోంది. మరి మన సండేస్కూలు ఆటల పోటీల మాటేమిటి? మందిరం మెట్టు పక్కన ర్యాంపు ఉందా? అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉంటేనే చక్రాల కుర్చీ సులువుగా ఎక్కుతుంది. పందెం ముగిసే గీత దగ్గర, నీడలో ఒక కుర్చీ వేయడానికి ఖర్చేమీ లేదు. యౌవనస్థుల్లో ఒకరు బండి మీద తీసుకెళ్లి తీసుకురావచ్చు. అయితే 'మీకు ఎలా వీలుగా ఉంటుందన్నా?' అని ముందు ఆయననే అడగాలి. అడగకుండా ఎత్తుకోవడం, నలుగురిలో 'పాపం' అనడం ప్రేమ కాదు.

ఇక ఆ తండ్రితో, ఆ తల్లితో ఒక మాట. మీ బిడ్డ గీత దాటుతూ వెతికేది మీ ముఖాన్నే, మీ కాళ్లను కాదు. వెళ్లండి, చప్పట్లు కొట్టండి. ఓడి వస్తే దగ్గరకు తీసుకోండి.

మెఫీబోషెతు వంశావళిలో దేవుడు ఒక చక్కని మాట రాయించాడు. అక్కడ ఆయన పేరు మెరీబ్బయలు. మీకా మొదలుకొని తరతరాలు దాటాక ఊలాము కుమారులు పుట్టారు. వారు పరాక్రమశాలులు, విలువిద్యలో నేర్పరులు (1 దిన. 8:34-40). నడవలేని తండ్రి వంశంలో బలమైన విలుకాండ్రను లేపిన దేవుడు మీ బిడ్డలనూ ఆశీర్వదించును గాక!