గచ్చు వేసిన పెరట్లో నీళ్లెందుకు నిలుస్తాయి?

2024 నవంబరు 30న తీరం దాటిన ఫెంగల్ తుపాను పుదుచ్చేరిని ముంచెత్తింది. 24 గంటల్లో 45 సెంటీమీటర్లకు పైగా వాన! లెక్క వేయండి: చదరపు మీటరు నేల మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే 10 లీటర్లు. 20 చదరపు మీటర్ల చిన్న పెరట్లోనే 9,000 లీటర్లకు పైగా పడ్డాయన్నమాట. చూరు నీళ్లు అదనం.

మట్టి నేల తన రేణువుల సందుల్లోంచి కొంత నీటిని లోపలికి దింపుకుంటుంది. సిమెంటు గచ్చుకు ఆ సందులు లేవు. అందుకే పెరడు బాగుచేసేటప్పుడు టైల్స్ రంగు కంటే వాలు ముఖ్యం. మీటరు దూరానికి ఒకటి రెండు సెంటీమీటర్ల పల్లం చాలు, అదీ ఇంటి గోడ నుంచి బయటివైపుకి. తిరగబడితే నీళ్లు పునాదిలోకే పోతాయి.

వాలు ఎలా తెలుస్తుంది? మేస్త్రీలు లోపల కనిపించే ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపుతారు. గొట్టం ఎన్ని వంపులు తిరిగినా, తెరిచిన రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి. రెండు చోట్లా గాలి ఒకేలా నొక్కుతుంది కదా! ఆ మట్టం నుంచి నేలకు ఎంతుందో కొలిస్తే పల్లం బయటపడుతుంది.

పల్లపు కొసన, గోడకు దూరంగా, కంకర, ఇసుక నింపిన ఇంకుడు గుంత తవ్వాలి. బంకమట్టి నేలలోనూ, భూగర్భజలం బాగా పైకి ఉన్నచోటా గుంత కూడా చేతులెత్తేస్తుంది. అక్కడ వాననీటి కాలువే దిక్కు. మరుగుదొడ్డి పైపులో మాత్రం కలపొద్దు. జోరువానలో అది నిండిపోయి, మురుగు ఇంట్లోకే ఎదురు తన్నుతుంది.