అవ్వగారి మతిమరపు మనుమలకు వచ్చునా?

కన్నకొడుకును గుర్తింపలేక అవ్వగారు “నీ వెవరవు, నాయనా?” అని అడిగినప్పుడు ఆ యింటివారికి రెండు బాధలు కలుగును. ఒకటి ఆమెను గూర్చినది. రెండవది తమ్ము గూర్చినది. “ఇది మా రక్తములోనే యున్నదా?” అను ఈ రెండవ చింతకు శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానమును విద్యార్థులు గ్రహించుట మేలు.

ఈ వ్యాధిని 1906లో మొదట వర్ణించినవాడు జర్మను వైద్యుడు ఆల్జీమరు. అందుచే దీనికి ఆయన పేరే వచ్చినది. 65 ఏండ్లకు ముందే వచ్చు అరుదైన రకములో, కొన్ని కుటుంబములయందు ఒక్క జన్యువు లోపమే వ్యాధికి చాలును. వార్ధక్యమున వచ్చు సాధారణమైన రకము అట్టిది కాదు.

మెదడులో కొవ్వును మోయు మాంసకృత్తులలో అపోలిపోప్రోటీన్-ఇ యొకటి. దానిని నిర్మించు జన్యువు 19వ క్రోమోసోముపై నున్నది. ఇ2, ఇ3, ఇ4 అనునవి దాని ముఖ్యరూపములు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చొప్పున మనకు రెండు ప్రతులు సంక్రమించును. ఇ4 కలవారికి వ్యాధి హెచ్చుగా వచ్చుచున్నదని 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. ఐరోపా సంతతివారిలో ఇ4 ఒక ప్రతి యున్నచో అపాయము సుమారు మూడు రెట్లగును. రెండున్నచో ఎనిమిది రెట్లను మించవచ్చును. ఇ2 కొంత రక్షణ నిచ్చును. ఈ లెక్కలు అన్ని జాతులకు ఒకే తీరున వర్తింపవు.

అయినను ఇ4 కలవారందరు రోగులు కారు; లేనివారిలోను రోగులు కలరు. మబ్బు పట్టినంత మాత్రమున వాన కురిసితీరునని చెప్పగలమా?

ఇట్టి సందేహము మహాశాస్త్రజ్ఞులను సైతము కలవరపెట్టినది. 1953లో క్రిక్‌తో కూడి డి.ఎన్.ఎ. నిర్మాణమును వివరించిన జేమ్స్ వాట్సను, 2007లో తన జన్యుసమాచార మంతయు వెల్లడి చేయుటకు సమ్మతించెను. ఈ యొక్క జన్యువు సంగతి మాత్రము తనకును తెలుపవలదనెను. ఆయన అవ్వలలో ఒకరికి ఈ వ్యాధి యుండెను.

జన్యువులను మార్చుకొనుట మన చేతిలో లేదు. నడవడిని దిద్దుకొనుట కొంత మన చేతిలో నున్నది. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో పదునాలుగు కారణములను పేర్కొన్నది. వానిని తొలగించినచో మతిక్షీణతలో సుమారు 45 శాతమును నివారించుటకో, జాగు చేయుటకో వీలుండునని దాని అంచనా. రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, వినికిడి లోపము, చిన్ననాట చదువు కొరవడుట వానిలో కొన్ని. కావున నేటి మీ చదువు పరీక్షల కొరకే కాదు.

విద్యార్థులారా! అవ్వగారికి కావలసినది మన భయము కాదు, ఓర్పు. ఆమె పదిమార్లు అడిగిన ప్రశ్ననే మరల అడిగినను చిరునవ్వుతో బదులు చెప్పుడు.