నక్షత్రం గుర్తు నాణెం

దిల్‌సుఖ్‌నగర్ బస్సులో కండక్టరు చేతిలో పెట్టే చిల్లరలోనో, ఎల్బీనగర్ చౌరస్తాలో టీకొట్టు గల్లాపెట్టెలోనో దొరికే రూపాయి బిళ్ళ మీద సంవత్సరం కింద చూడండి. ఐదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో పుట్టింది. ముంబైది వజ్రం గుర్తు, నోయిడాది చుక్క. కోల్‌కతా నాణేనికి ఏ గుర్తూ ఉండదు.

హైదరాబాద్ టంకశాల 1803లో సుల్తాన్‌షాహీలో మొదలైంది. అప్పుడు పనంతా సుత్తిదే. అచ్చు బిళ్ళకన్నా వెడల్పుగా ఉండేది కాబట్టి ప్రతి రూపాయి మీదా రాతలో కొంత భాగమే పడేది. ఏ రెండూ ఒకేలా ఉండేవి కావు. అందుకే ముద్ర పక్కకు జరిగిందని ఎవరూ ఆశ్చర్యపోలేదు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1895లో, యంత్రాలతో ముద్రణ మొదలైంది. 1903లో టంకశాల సైఫాబాద్‌కు మారింది. నాణెం మీదికి చార్మినార్ వచ్చింది. నాణేలన్నీ ఒకేలా రావడం మొదలయ్యాకే తేడాగా వచ్చినది కంటికి ఆనింది. నాణేనికి ‘తప్పు’ను ఇచ్చింది యంత్రమేనని నా నమ్మకం. తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తొలి రూపాయల్లో చార్మినార్ ద్వారంలోని ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం కొన్నింటిలో సగమే ఉంటుంది, కొన్నింటిలో పూర్తిగా ఉంటుంది. అది అచ్చులోనే ఉన్న తేడా. సేకర్తలు ఆ రెంటినీ ఈనాటికీ విడివిడిగా లెక్కపెడతారు.

1997లో టంకశాల చర్లపల్లికి చేరింది. పని తీరు మాత్రం అదే. లోహపు రేకు నుంచి బిళ్ళలు కోస్తారు, అంచు లేపుతారు, రెండు అచ్చుల మధ్య పెట్టి ఒక్క దెబ్బ వేస్తారు. ఆ క్షణంలో లోహం పక్కలకు పాకకుండా చుట్టూ ఒక ఉక్కు వలయం పట్టి ఉంచుతుంది. వలయం అందకపోతే నాణెం పలచబడి వెడల్పవుతుంది. బిళ్ళ సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ ఒక పక్కకు పడి, రెండో పక్క చంద్రవంకలా ఖాళీ మిగులుతుంది. రేకులో అప్పటికే కోసిన చోట మళ్ళీ కోస్తే అంచు కొరికినట్టు వస్తుంది. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం పొంగి, నాణెం మీద ఉబ్బెత్తు గీతగా నిలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన ఆనవాలు ఇదే: అచ్చు పగులు ఉబ్బి ఉంటుంది, వీధిలో పడ్డ గీత లోపలికి దిగి ఉంటుంది.

పూత లోపాల సంగతి వేరు. 1982 నుంచి అమెరికా సెంటు జింకు మీద రాగి పూతతో వస్తోంది. పూత కింద వాయువు చిక్కుకుంటే బొబ్బలు లేస్తాయి. డాలస్‌లోని మనవాళ్ళ చిల్లర డబ్బాలో అలాంటివి దొరకవచ్చు. మన రూపాయికి పూతే లేదు. అది లోపలిదాకా ఇనుము, క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు. రాగి రంగో బంగారు రంగో పొరగా లేచే రూపాయి కనిపిస్తే ఆ పూత టంకశాల గడప దాటాక ఎవరో పూసిందే. దాన్ని అరుదైనదని కొనకండి. పాత నాణేలకు లక్షలిస్తామంటూ తమ పేరు వాడుకునే మోసగాళ్ళ గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది కూడా.

అనుమానం తీర్చుకోవడానికి అయస్కాంతం, చిన్న తూకం చాలు. స్టీలు రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది, ఇత్తడి ఐదు రూపాయలు అంటుకోదు. అచ్చు తిరిగిందేమో చూడాలంటే బొమ్మను నిటారుగా పట్టుకుని, పుస్తకం పేజీలా పక్కకు తిప్పండి. బొరుసు కూడా నిటారుగా రావాలి. ఒరిగి ఉంటే యంత్రంలో ఒక అచ్చు బిగువు సడలిందన్నమాట.