అర్థమయ్యాకే సంతకం

ఇంట్లో తెలుగు. వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో. పెద్దాసుపత్రికి వెళితే చేతికిచ్చే కాగితంలో చాలాసార్లు ఇంగ్లీషు. బళ్లారి, హోసూరు, బరంపురం ప్రాంతాల్లోని మనవాళ్లకు ఇది అలవాటే. జ్వరానికైతే ఎలాగో నెట్టుకొస్తాం. మరి ‘చికిత్స మీద పరిశోధన జరుగుతోంది, చేరతారా?’ అని అడిగితే? డాక్టరు చెప్పిందొకటి, మనకు అర్థమైంది మరొకటి అయితే?

అందరిదీ ఒకే భాష అయినా ఈ తిప్పలు తప్పవని బ్రిటన్‌లో తేలింది.

వద్దన్నవారే ఎక్కువ

మగవారికి వచ్చే ప్రోస్టేట్‌ క్యాన్సర్‌కు ఆపరేషన్‌ మేలా, రేడియేషన్‌ మేలా, పరీక్షలు చేస్తూ గమనిస్తే చాలా? ఇది తేల్చేందుకు 1999లో ‘ప్రొటెక్ట్‌’ ట్రయల్‌ మొదలైంది. ఎవరికి ఏ చికిత్సో చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు. మొదట్లో పదిమందిలో ముగ్గురు, నలుగురే ఒప్పుకున్నారు.

కారణం అంకెల్లో దొరకలేదు. బ్రిస్టల్‌ యూనివర్సిటీ సామాజిక శాస్త్రవేత్త జెన్నీ డోనవన్‌ బృందం రోగులను కూర్చోబెట్టి మాట్లాడించింది. ఆసుపత్రి సంభాషణలను టేపు చేసి విన్నది. దీన్నే గుణాత్మక పరిశోధన అంటారు. ఎంతమంది అన్నది కాదు, ఎందుకు అన్నది ఇక్కడ ముఖ్యం.

మాటలోనే మెలిక

‘వేచి చూద్దాం’ అని డాక్టర్లంటే, ‘వైద్యం చేయరు, చచ్చేదాకా చూస్తూ ఉంటారు’ అని రోగులు అనుకున్నారు. ‘ట్రయల్‌’ అంటే ‘చూద్దాం, ఏమవుతుందో’ అన్నట్టు తోచింది. పైగా డాక్టర్లు ఆపరేషన్‌, రేడియేషన్‌ల గురించే ముందుగా, వివరంగా చెప్పేవారు.

దాంతో మాట మార్చారు. ‘క్రమం తప్పకుండా పరీక్షిస్తూ గమనిస్తాం’ అన్నారు. దాన్నే ముందు చెప్పారు. ఏది మేలో తమకూ తెలియదని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవారు 70 శాతానికి చేరారు. ఈ సంగతి 2002లో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో వచ్చింది.

చివరికి 1,643 మంది చేరారు. 2023లో వెలువడిన 15 ఏళ్ల ఫలితాల ప్రకారం, మూడు వర్గాల్లోనూ ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు సుమారు 2 నుంచి 3 శాతమే. గమనింపు వర్గంలో వ్యాధి పాకడం దాదాపు రెట్టింపు. ఆపరేషన్‌ వర్గంలో మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఎక్కువ. ఆనాడు రోగుల మాట వినకపోతే ఈ లెక్క తేలడం కష్టమయ్యేది.

అడగడం మన హక్కు

మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్‌ ట్రయల్స్‌ నిబంధనల ప్రకారం, చేరేవారికి అర్థమయ్యే భాషలో వివరించాలి. చదువు రానివారికి చెప్పేటప్పుడు నిష్పక్షపాత సాక్షి ఉండాలి. చేరాక ఎప్పుడైనా తప్పుకోవచ్చు. వైద్యం ఆపరు.

కాబట్టి మొహమాటం వద్దు. ‘సార్‌, తెలుగులో ఇంకోసారి చెప్పించండి’ అనండి. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి, అదేనా అని అడగండి. సంతకం ఆ తర్వాతే.