కన్నీరు అవిశ్వాసమా?

భర్తను సమాధిచేసి పక్షమైన గడవకముందే, ఆదరణ కూడికలో ఆ యిల్లాలిని లేవనెత్తి నిలువబెట్టి, చేతికి మైకందించి, "ఏడువకమ్మా, ఆయన ప్రభువునొద్ద నున్నాడు, నీవేడ్చితివేని విశ్వాసము లేదందురు, సంతోషముగా సాక్ష్యము చెప్పుము" అని పెద్దలు తొందరపెట్టుటయు, ఆమె చీరకొంగును వ్రేళ్లకు చుట్టుకొనుచు, నేర్పిన రెండు మాటలు పలికి కూలబడుటయు మన సంఘములలో అరుదైన దృశ్యము కాదు. విశ్వాసి విలపింపరాదను ఈ అపోహ వాక్యమునుండి పుట్టినది కాదు. వాక్యమును సగము చదువుటనుండి పుట్టినది.

లాజరు సమాధియందుంచబడి నాలుగు దినములైన పిదప బేతనియకు వచ్చిన యేసు, తానతనిని లేపనున్నానని యెరిగియుండియు, లాజరు సహోదరియైన మరియ యేడ్చుట చూచి కన్నీరు కార్చెనని యోహాను సువార్త 11వ అధ్యాయము చెప్పుచున్నది. మరణమును జయింపగలవాడే యేడ్చినపుడు, పునరుత్థానమునకై యెదురుచూచువారిని ఏడువవలదనుటకు మనమెవరము? స్తెఫనును సమాధిచేసిన భక్తులును రోదించిరి. 150 కీర్తనలలో ఇంచుమించు మూడవ వంతు మొఱలే. థెస్సలొనీకయులకు పౌలు వ్రాసినది దుఃఖమే కూడదని కాదు. నిరీక్షణలేనివారు దుఃఖించునట్లు దుఃఖింపవలదని.

విశ్వాసి ఏడువరాదని బోధించువారు తరచుగా చెప్పు ఉదాహరణము హొరేషియో స్పాఫర్డ్ అను కీర్తనకారుని చరిత్ర. 1873 నవంబరు 22న విల్ దు హావ్ర్ అను ఓడ అట్లాంటిక్ సముద్రమున మునిగి, తన నలుగురు కుమార్తెలు మరణింపగా, ఆత్మశాంతిని గూర్చి ఆయన రచించిన కీర్తన నేటికిని లోకమంతట పాడబడుచున్నది. ప్రసంగములలో కథ అచటనే ముగియును. కాని 1880లో ఆ దంపతుల కుమారుడును జ్వరముచే మరణించెననియు, అది దైవశిక్షయని తోడి విశ్వాసులే అనుకొనిరనియు, మరుసటి సంవత్సరము వారు స్వదేశమును విడిచి యెరూషలేమునకు తరలిపోయిరనియు ఎందరు చెప్పుదురు?

శ్రమ యనగా పాపఫలమే యను మాటను, పుట్టుగ్రుడ్డివాని విషయమున యేసు స్వయముగా త్రోసిపుచ్చెను. మనోవేదనకు మందు పుచ్చుకొనుట అవిశ్వాసమందురా? సువార్తికుడైన లూకాయే వైద్యుడు గదా.

ఆనందమును మనమే యెన్నుకొనవలెనని ఆ బోధకులు చెప్పు మాటలో మాత్రము సత్యము కలదని ఒప్పుకొనక తప్పదు. ఎల్లప్పుడును ఆనందింపుడని ఫిలిప్పీయులకు పౌలు ఆజ్ఞాపించినది సంకెళ్లలోనుండి. అయితే ఆ పత్రికయందే, తన జతపనివాడైన ఎపఫ్రొదితు చనిపోయియుండినచో తనకు దుఃఖముపై దుఃఖము కలిగియుండెడిదనియు, కొందరిని గూర్చి తాను ఏడ్చుచు వ్రాయుచున్నాననియు చెప్పుకొనెను. అట్టి యానందము కన్నీటిని వెడలగొట్టి దాని స్థానమున కూర్చుండునది కాదు; కన్నీటితోడనే ప్రార్థించుచు, ప్రొద్దుననే లేచి బిడ్డలను బడికి పంపుచు, దేవుడు తన్ను విడువలేదని దినదినమును నమ్ముటకు చేసికొను నిర్ణయము. దానిని ఆ దుఃఖితురాలే చేసికొనవలెను. ఒకరి తరఫున మరియొకరు చేయుటకు వీలులేదు.

కావున దుఃఖితులకు తోడుండుట యెట్లో తెలిసికొనుటకు యోబు స్నేహితులను చూడుడు. ఏడు దినములు నేలపై అతనితో మౌనముగా కూర్చున్నంతవరకు వారు మంచి స్నేహితులు. నోరు తెరచి కారణములు చెప్పుటతోడనే దేవుని కోపమునకు పాత్రులైరి. చావింటికి వెళ్లినపుడు సాక్ష్యమడుగకుడు. అన్నము వండి తీసికొనిపోవుడు, పింఛను కాగితములు పట్టుకొని ఆ దుఃఖితురాలితో కచేరికి నడువుడు, పిల్లల ఫీజు కట్టిరో లేదో విచారింపుడు. వారముల తరబడి నిద్రాహారములు మానినయెడల, బ్రదుకవలెనని లేదన్నయెడల, ప్రార్థన చేయుచునే ఆమెను వైద్యునియొద్దకు తోడ్కొనిపోవుడు. ఆమె యేడ్చినచో ఏడువనిండు.