ఫైర్‌మన్ కొలువా? ముందు కళ్లు చూపించండి!

మీ అబ్బాయి ఫైర్‌మన్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నాడా? కోచింగ్ ఫీజు కట్టే ముందే ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి. తెలంగాణలో ఈ కొలువుకు రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి. వర్ణాంధత్వం, మెల్లకన్ను ఉంటే అనర్హులే. చదును పాదాలు, కాళ్లలో ఉబ్బిన సిరలు ఉన్నా అంతే.

వర్ణాంధత్వం ఎక్కువగా మగపిల్లల్లో, పుట్టుకతోనే వస్తుంది. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. రంగు చుక్కల మధ్య అంకెను గుర్తించే ఇషిహారా పరీక్షతో నిమిషాల్లో తేలిపోతుంది. పుట్టుకతో వచ్చినదాన్ని నయం చేసే మందు లేదు. రంగు కళ్లద్దాలూ నయం చేయలేవు.

ఉబ్బసం ఉంటే దాచొద్దు. పొగలో ఆయాసం మొదలైతే అతనికే కాదు, అతను కాపాడాల్సినవారికీ ముప్పే.

పరుగులో నెగ్గి, పరీక్ష పాసై, చివరి మెడికల్‌లో ఆగిపోతే ఆ బాధ ఇంటిల్లిపాదిదీ. ఇప్పుడే తెలిస్తే మరో దారి ఎంచుకునే సమయమైనా మిగులుతుంది.