కంప్యూటర్ నిద్ర లేవడానికి అంతసేపెందుకు?

కుందుర్పిలో మీసేవ కంప్యూటరైనా, డీటీపీ షాపుదైనా స్విచ్ వేయగానే విండోస్ ఒక్కటే లేవదు. చాటింగ్ యాప్‌లు, ప్రింటర్ ప్రోగ్రాములు, అప్‌డేట్లు వెతికేవి, అన్నీ సంతరోజు బస్సెక్కినట్టు ఒకేసారి మెమరీ మీద, డిస్కు మీద ఎగబడతాయి. అందుకే ఆ నత్తనడక.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. 2012 నాటి విండోస్ 8 నుంచి, ఇలా తమంతట తామే లేచే ప్రోగ్రాముల స్టార్టప్ జాబితా అందులోనే ఉంది. అక్కడ అక్కర్లేనిదాన్ని ఎంచుకుని డిసేబుల్ నొక్కండి. డిసేబుల్ అంటే తీసేయడం కాదు. నీ అంతట నువ్వు లేవొద్దని చెప్పడమే. కావాల్సినప్పుడు మనమే తెరుచుకోవచ్చు.

అలాగని కనబడ్డవన్నీ ఆపేయకండి! అను స్క్రిప్ట్ మేనేజర్ నడవకపోతే అను ఫాంట్లలో తెలుగు టైపు కాదు. యాంటీవైరస్ జోలికీ వెళ్లొద్దు. ఆధార్ వేలిముద్ర యంత్రానికి ఆర్‌డీ సర్వీసు కావాలి. అది ఆగితే యంత్రం వెలిగినా వేలిముద్ర వెళ్లదు. ఒక్కొక్కటే ఆపి, రీస్టార్ట్ చేసి, రోజూ వాడేవి పనిచేస్తున్నాయో లేదో చూడండి. తేడా వస్తే అక్కడే ఎనేబుల్ నొక్కడమే.